కాళ్లు తన్నివేయువారికి జుల్మానా చాలునా?

మంచుగడ్డపై హాకీ యాడువారు ఉక్కు అలుగులు బిగించిన పాదరక్షలతో గంటకు 20 మైళ్లకు మించిన వేగమున పోవుదురు. అట్టివాని వెనుక చేరి, చేతితో దేహమును వెనుకకు లాగుచు, అదే క్షణమున కాలితో వాని పాదములను ముందునకు తన్నివేయుట యొకటి కలదు. దానిని స్ల్యూ ఫుటింగ్ అందురు. బోర్లపడువాడు చేతులానించుకొనగలడు. వెల్లకిల పడువానికి చేతులుండియు లేనట్లే. తల నేరుగా మంచును తాకును.

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు శాసనము ఈ భేదము నెఱుగును. సామాన్యమైన కాలడ్డునకు 2 నిమిషముల శిక్ష. స్ల్యూ ఫుటింగునకు 52వ నియమము ప్రకారము మ్యాచ్ పెనాల్టీ. అనగా దోషి ఆ యాటనుండి బహిష్కృతుడగుటయేగాక, కమిషనరు తేల్చువఱకు మరల ఆడరాదు. శాసనము చక్కనిదే. కాని న్యాయనిర్ణేతలు తఱచు దానిని ప్రయోగింపరు. పిమ్మట లీగువారు సావకాశముగా వీడియో చూచి, జుల్మానా వ్రాసి చేతులు కడుగుకొందురు.

అప్పుడు బోస్టన్ జట్టులో నుండిన బ్రాడ్ మార్షాండునకు ఈ నేరమునకే 2011లో 2,500 డాలర్ల జుల్మానా, 2015లో 2 ఆటల నిషేధము, 2021లో 3 ఆటల నిషేధము కలిగినవి. అదే 2021 నవంబరులో పి. కె. సుబ్బానునకు 15,000 డాలర్లు విధించిరి. నాటి ఒడంబడిక ననుసరించి జుల్మానాకు అదియే మేర. ఆయన కరారు 8 ఏండ్లకు 7 కోట్ల 20 లక్షల డాలర్లు! ఏటికి 600 రూపాయలు సంపాదించువానికి రూపాయి జుల్మానా వేసినట్లైనది. దీనిని శిక్ష యనుటకంటె సుంకమనుట మేలు.

నిర్బంధశిక్ష ఈ లీగునకు క్రొత్తగాదు. 1987లో మాంట్రియలు, ఫిలడెల్ఫియా జట్లు ఆట ఆరంభమునకు ముందే కలియబడి కొట్టుకొనిన పిమ్మట, పోరాటమునకై బెంచి విడిచిన మొదటివానికి 10 ఆటల నిషేధమును స్థిరపఱచిరి. 2013లో డేవిడ్ క్లార్క్‌సన్ తన జట్టువానిని కాపాడబోయి బెంచి దాటెను. ఉద్దేశము మంచిదైనను 10 ఆటలు కూర్చుండవలసివచ్చెను. అట్టి మూకుమ్మడి పోరులు లీగునుండి దాదాపు అదృశ్యమైనవి.

ఉద్దేశమును విచారింపకయే శిక్షింపవచ్చునా యని నాబోటి న్యాయవాదులే యడుగుదురు. ఈ నేరములో చేయి, కాలు ఒక్కసారి కలిసి పనిచేయును. అది కాకతాళీయమని నమ్ముట కష్టము. నాకు నిజముగా భయము గొలుపునది మరియొకటి. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఇంటనుండి 40 షిల్లింగుల సొత్తు దొంగిలించినవానికి ఉరి. జూరీలవారు జాలిపడి, ఎంతటి సొత్తునైనను 39 షిల్లింగులుగా వెలగట్టుచుండిరి! శిక్ష మితిమీరిన న్యాయనిర్ణేత కన్నులు మూసికొనును. కావున 10 ఆటలు వలదు. ఒక్క యాట నిషేధము చాలును. అది మాత్రము తప్పరాదు. పాతదోషులకును, గాయము చేసినవారికిని అంతకు మించి విధించు నధికారము ఎట్లును ఉండనే యున్నది. పొరపాటు పడుదుమను సాకును చెల్లదు. 2019 నుండి మ్యాచ్ పెనాల్టీలను న్యాయనిర్ణేతలు మైదానముననే వీడియోలో సరిచూచుకొనుచున్నారు.

అయితే 2013 నాటి ఒడంబడికలో 6 ఆటలకు తక్కువైన నిషేధముపై అప్పీలు కమిషనరుతోనే ముగిసినది. శిక్షించు శాఖయు ఆయన చేతిక్రిందిదే. ఆటగాండ్ర సంఘమువారు నిర్బంధశిక్ష కొప్పుకొనునాడు, ఆ యొక్క యాటకును పరాయి మధ్యవర్తిని కోరి తీరవలెను.