మంచు మనకూ ఉన్నది

డిసెంబరు వస్తే అమెరికాలోని మనోళ్లు పిల్లలు మంచులో ఆడే ఫొటోలు పంపుతరు. అవి చూసి ఇక్కడి పిల్లలు “ఆష్టిల క్రిస్మస్‌కు మంచు ఎప్పుడు పడ్తది?” అని అడుగుతున్నరు. అట్ల పడదు. లంబసింగి ఫొటోల్లో తెల్లగా కనిపించేది కూడా ఆకాశం నుంచి రాలింది కాదు, రాత్రి చలికి గడ్డి మీది తేమ గడ్డకట్టింది.

అయినా మనకు మంచే లేదని పిల్లలకు చెప్పడం మాకు నచ్చదు. తెల్లారంగ వైనగంగ మీద కమ్ముకొని అవతలి ఒడ్డును దాచేది మంచే. వరిమళ్ల గట్ల మీద కాళ్లు తడిపేదీ మంచే. మరాఠీ బడిలో ఒకదాన్ని ధుకే, ఇంకోదాన్ని దవ అంటరు. మాలో కన్నడ బడిలో చదివినోళ్లకు అవి మంజు, ఇబ్బని. తెలుగులో పొగమంచన్నా, మంచుబొట్టన్నా, హిమాలయాల మంచన్నా ఉన్నది ఒక్క మాటే. దాన్ని మాటల కరువు అంటే మేము ఒప్పుకోం. ఇంట్ల తెలుగు తగ్గుతున్నకొద్దీ పిల్లలకు ‘స్నో’ ఒక్కటే మంచు అయిపోతున్నది, మా బాధ అది.

ఈ 25న మబ్బు లేకుంటే పిల్లల్ని ఏటి ఒడ్డుకు తీసుకుపోవాలె. ఫొటో తీసి అమెరికాకు మనమే పంపాలె. పొద్దుగాలే లేవాలె మరి, ఎండ ఎక్కితే మంచు విడిపోతది.