సొంత పనిలో మిగులెంత? ముప్పెంత?

రేపల్లె: ఇంటికి వెల్ల వేయడం మొదలు గ్యాసు బండ మోసుకురావడం వరకు, ఇంతకాలం ఒకరిచేత చేయించుకున్న పనులను సొంతంగా చేసుకునే కుటుంబాలు డెల్టా గ్రామాలలో పెరుగుతున్నాయి. పిలిచిన మనిషి పిలిచిన రోజున రావడం లేదు. వచ్చినా పది నిమిషాల పనికి సగం రోజు కూలి అడుగుతున్నాడు. అతని వైపు నుంచి చూస్తే అదీ సబబే. టౌను నుంచి పెట్రోలు పోసుకుని వచ్చిన మనిషికి ఇరవై రూపాయలు చేతిలో పెడితే గిట్టుబాటు కాదు. పైగా సెల్‌ఫోనులో వీడియో చూసి చేసేయవచ్చన్న ధైర్యం అందరికీ వచ్చింది. మిగులు నిజమే. అయితే ఆ మిగులు ఎవరి కష్టం నుంచి వస్తున్నదో, ఏ పని ప్రాణం మీదికి తెస్తున్నదో లెక్క చూసేవారే కరువు.

ధైర్యంగా చేసుకోదగిన పనులు లేకపోలేదు. కారుతున్న కొళాయిలో చాలాసార్లు పాడయ్యేది లోపలి రబ్బరు వాషరే. ట్యాంకు దగ్గర గేటువాల్వు కట్టి, స్పానరుతో పైభాగం విప్పి, అరిగిన వాషరు తీసి అదే కొలతది వేస్తే సరిపోతుంది. పాతదాన్ని కొట్టుకు పట్టుకుపోయి చూపిస్తే కొలత తప్పదు. సంక్రాంతి ముందు వెల్ల వేయడం పల్లెల్లో ఆడవారికి వెన్నతో పెట్టిన విద్య. సున్నం తడిపి, వడకట్టి, తుమ్మజిగురు, కొంచెం నీలిమందు కలిపితే గోడకు పట్టి తెల్లగా నిలుస్తుంది. సున్నపురాయి మీద నీళ్లు పోసినప్పుడు కుతకుత ఉడుకుతుంది. ఆ తుంపర కంట్లో పడితే చూపే పోవచ్చు కనుక పిల్లలను దూరంగా వుంచాలి. ప్లాస్టిక్ రంగు వేసిన గోడమీద మాత్రం సున్నం నిలవదు. పొరలుగా రాలిపోతుంది.

గ్యాసు సంగతి వేరు. బండ ధరలోనే ఇంటికి చేర్చే ఖర్చు కూడా కలిసి వుంటుంది. వినియోగదారుడే గోదాముకు వెళ్లి తెచ్చుకుంటే ఏజెన్సీవారు ఆ మేరకు తగ్గించి ఇవ్వాలన్నది నిబంధన. సైకిలు మీద, మోటారు సైకిలు మీద బండ తెచ్చుకునేవారిలో ఈ సంగతి తెలిసి అడిగేవారు తక్కువ. అడగకపోతే శ్రమా దండగే, డబ్బూ దండగే. తూకం వేయించుకుని చూస్తే ఖాళీ బండ బరువుపై 14.2 కిలోల గ్యాసు వుండాలి. లీకు అనుమానం వస్తే సబ్బు నురుగు రాసి చూడాలి గాని అగ్గిపుల్ల గీయరాదు. రబ్బరు గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి. గ్యాసు లీకయితే 1906 నంబరుకు ఫోను చేయవచ్చు.

అన్నిటికన్నా పెద్ద మార్పు బట్టల ఉతుకులో వచ్చింది. వెనుకటి రోజుల్లో రజకులకు నెలనెలా డబ్బు లెక్క లేదు. పంట నూర్చిన కళ్లంలోనే మేర కొలిచేవారు. వరికోత యంత్రాలు వచ్చాక కళ్లమే లేకుండా పోయింది. ధాన్యం పొలం గట్టు మీదనే లారీ ఎక్కుతున్నది. పైగా డెల్టాలో సాగుచేసేవారిలో కౌలుదారులే ఎక్కువ. మక్తా చెల్లించడానికే తడుముకునే కౌలుదారు మేర ఎక్కడినుంచి కొలుస్తాడు? ఆ తరువాత డబ్బు లెక్క వచ్చింది. దాన్ని మిగుల్చుకోవడానికి ఇంట్లోనే ఉతుక్కోవడం వచ్చింది.

ఇంట్లో ఉతికేది ఎవరు? కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, దేశంలో జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. అటువంటి పనులు చేసే మగవారు వెచ్చించేది 88 నిమిషాలు. 2025-26కు ఉపాధి హామీ పథకం కింద రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలుగా నిర్ణయించారు. ఎనిమిది గంటల పనిగా చూస్తే గంటకు 38 రూపాయలు. ఇల్లాలు రోజూ ఒక గంట బట్టల దగ్గర గడిపితే నెలకు సుమారు 1,150 రూపాయల కూలి. మిగిలిందని యజమాని లెక్కవేసేది ఈ డబ్బునే. నాట్లకో, కలుపుకో పోయే ఇల్లాలైతే ఆ గంట తెల్లవారుజామున నిద్రలోంచి పోతుంది.

రజకుల సంగతీ చెప్పుకోవాలి. 2020లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ‘చేదోడు’ పేరిట షాపులున్న రజకులు, నాయీబ్రాహ్మణులు, దర్జీలకు ఏడాదికి 10 వేల రూపాయల సాయం మొదలుపెట్టింది. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలు, ధోబీఘాట్లు, సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు. మూట భుజాన వేసుకుని గడపగడపకు తిరిగే మనిషికి షాపు ఎక్కడిది, మీటరు ఎక్కడిది?

ఉతికిన బట్టలు ఆరవేసే దండెం దగ్గరే అసలు ప్రమాదం పొంచి వుంది. దండేనికి చాలా ఇళ్లలో ఇనుప తీగ కడతారు. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు వేలాడకుండా కట్టేదీ ఇనుప తీగే. రెండింటినీ ఒకే కొక్కేనికి చుట్టేవారున్నారు. ఎండకు సర్వీసు వైరు తొడుగు పగిలి, వానకు తడిస్తే కరెంటు దండెంలోకి దిగుతుంది. తడి బట్ట, తడి చేయి, చెప్పులు లేని కాళ్లు. ఏటా వానల్లో ఇటువంటి మరణాల వార్తలు వస్తూనే వున్నాయి. కాపాడబోయి పట్టుకున్న రెండో మనిషి కూడా బలి అవుతున్నాడు.

సొంత కరెంటు పని చేసేవారు మెయిన్ కట్టేస్తే చాలుననుకుంటారు. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ కట్టినా ఫ్యాను తీగలో కరెంటు వుంటుంది. దాన్ని కూడా ఆపి, టెస్టరుతో చూసుకున్నాకనే చేయి పెట్టాలి. ఇంటి లోపలి లీకుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అడ్డుపడుతుంది. సర్వీసు వైరు మీటరుకు ముందు వుంటుంది కనుక దాని లీకుకు ఇంట్లో మెయిన్ కట్టినా, ఆర్‌సీసీబీ పెట్టినా ప్రయోజనం లేదు. స్తంభం దగ్గర లైన్‌మన్ ఆపవలసిందే. విద్యుత్తు ఫిర్యాదులకు నంబరు 1912. దండేనికి కొబ్బరి తాడో, నైలాను తాడో కట్టవచ్చు. ఇనుప తీగకన్నా దాని ఖరీదు ఎక్కువేమీ కాదు.