మద్దెల నిజంగానే ఓడు

విమానవాహక నౌకల మీద తొలితరం జెట్ల ప్రమాదాల కథ ఎత్తితే చాలు, కొందరు ఒకే పాట పాడతారు: పైలట్‌కు గుండె ఉంటే డెక్ ఎంత చిన్నదైనా సరిపోతుందట. సాక్ష్యానికి బ్రిటిష్ పైలట్ ఎరిక్ బ్రౌన్‌ను పిలుస్తారు. 1945 డిసెంబర్ 3న ఆయన బ్రిటన్ తేలికపాటి విమానవాహక నౌక ఓషన్ మీద సీ వాంపైర్ జెట్‌ను దించిన మాట నిజం. ఆయన దించినది మిగతావాళ్లు దించలేకపోతే అది ఆడలేక మద్దెల ఓడనడమేనని వీళ్ల తీర్పు.

1952లో అదే ఓషన్ కొరియా యుద్ధానికి వెళ్లింది. మోసుకెళ్లినవి మాత్రం జెట్లు కావు, ప్రొపెల్లర్‌తో ఎగిరే సీ ఫ్యూరీలు, ఫైర్‌ఫ్లైలు. పైలట్లకు చేతకాకనా? ఆ ఆగస్టులో వాళ్లు సీ ఫ్యూరీలతోనే ఒక మిగ్-15 జెట్‌ను కూల్చారు.

చిక్కంతా యంత్రంలో ఉంది. ప్రొపెల్లర్ విమానంలో థ్రాటిల్ తోస్తే బలం వెంటనే అందేది. తొలి జెట్ ఇంజన్ పుంజుకునేసరికి విలువైన సెకన్లు గడిచిపోయేవి. దిగే వేగమూ ఎక్కువే. పైగా డెక్ తిన్నగా ఉండేది. విమానం కొక్కెం డెక్ మీది ఆపుడు తీగలకు చిక్కకపోతే ఎదురుగా అడ్డుకంచె, దాని వెనక నిలిపి ఉంచిన విమానాలు, మనుషులు. 1951 సెప్టెంబర్ 16న అమెరికా నౌక ఎసెక్స్ మీద, గాల్లోనే దెబ్బతిన్న బన్‌షీ జెట్ ఒకటి ఆ విమానాల్లోకే దూసుకుపోయింది. ఏడుగురు చనిపోయారు. ఎసెక్స్ చిన్న నౌకేం కాదు!

తప్పు పైలట్లదే అయితే మందు శిక్షణలో దొరకాలి. దొరికింది నౌకను మార్చడంలో. డెనిస్ కాంబెల్ డెక్‌ను కోణంగా పక్కకు మళ్లించమన్నాడు. తీగ తప్పినవాడు నేరుగా మళ్లీ గాల్లోకి లేచిపోవచ్చు. విమానాన్ని విసిరి లేపే కోలిన్ మిచెల్ ఆవిరి క్యాటపుల్ట్, దిగే పైలట్‌కు నిక్ గుడ్‌హార్ట్ అద్దపు దారిచూపు తోడయ్యాయి.

జెట్లు నడిపిన మన చిన్న విమానవాహక నౌక విక్రాంత్ మాటేమిటంటారు. 1961లో బెల్‌ఫాస్ట్‌లో సేవలో చేరేనాటికే దానికి ఈ మూడూ అమర్చారు కాబట్టే సీ హాక్ జెట్లు నడిచాయి. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగిన సంగతి తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1971లో విక్రాంత్ పగిలిన బాయిలర్‌తో, తగ్గిన వేగంతో యుద్ధం చేసిందని చెప్పేవాళ్లు తక్కువ. ఎదురుగాలిని తన పరుగుతోనే పుట్టించుకోవాల్సిన నౌకకు అది చిన్న లోటు కాదు.

ఆ లోటు ఎంతటిదో 1982 మే 2న, బ్రిటన్‌తో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా చూసింది. దాని ఏకైక విమానవాహక నౌక వెయింతిసింకో దె మాయో ఓషన్ తరగతిదే. బ్రిటిష్ నౌకల మీద దాడికి స్కైహాక్‌లు సిద్ధమయ్యాయి, కానీ సముద్రం మీద గాలి చాలలేదు. బాంబుల బరువుతో జెట్లను లేపలేక దాడి మానుకున్నారు. ఆ నౌకాదళపు స్కైహాక్‌లే మే 21న నేల మీది రన్‌వే నుంచి లేచి ఆర్డెంట్ అనే బ్రిటిష్ ఫ్రిగేట్‌ను బాంబులతో కొట్టాయి. మర్నాడు అది మునిగింది.