కారుకు కోట్లు – బస్సుకు పాట్లు!



ముంబయి కార్పొరేషన్ బొక్కసం ఒక్కటే. ఆ బొక్కసం నుంచే సముద్రం ఒడ్డున కోస్టల్ రోడ్డు వేశారు. మెరీన్ డ్రైవ్ నుంచి వర్లీ దాకా పదిన్నర కిలోమీటర్లు. ఖర్చు సుమారు 14 వేల కోట్ల రూపాయలు. 2024 మార్చిలో మొదటి భాగం తెరిచారు. దాని మీద టోల్ లేదు. మంచిదే. కాని మోటారు సైకిలుకు, ఆటోకు ఆ రోడ్డు మీద ప్రవేశం లేదు. 2009లో తెరిచిన బాంద్రా–వర్లీ వంతెనా అంతే. 2024 జనవరిలో తెరిచిన అటల్ సేతూ అంతే. టిఫిను డబ్బా తగిలించుకొని పాత మోటారు సైకిలు మీద పనికి పోయే మన పిల్లవాడు ఆ రోడ్లను దూరం నుంచి చూసి సంతోషించాలి!

ఇప్పుడు బస్సు సంగతి చూడండి. బెస్ట్ సంస్థ కూడా అదే కార్పొరేషన్‌ది. 1926 నుంచి ఈ నగరంలో బస్సులు నడుపుతున్న సంస్థ. దానికి మాత్రం డబ్బు లేదట! 2025 మే 9 నుంచి కనీస చార్జీని 5 రూపాయల నుంచి 10 రూపాయలకు పెంచారు. ఏసీ బస్సులో 6 ఉన్నది 12 చేశారు. ఒక్క దెబ్బకు రెట్టింపు.

లెక్క వేద్దాం. ఇళ్ళలో పనిచేసే మన ఆడబిడ్డ పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు బస్సులు ఎక్కుతుందనుకోండి. కనీస చార్జీయే అయినా రోజుకు 20 రూపాయలు అయ్యేది, 40 అయింది. నెలకు 26 రోజులు పనికి పోతే 1040 రూపాయలు. 2014లో కేంద్రం నిర్ణయించిన పి.ఎఫ్. కనీస పింఛను ఎంత? 1000 రూపాయలు! మిల్లులో జీవితమంతా అరగదీసుకున్న తండ్రి పింఛను కూతురి బస్సు చార్జీకి చాలదు. దీన్ని అభివృద్ధి అందామా?

ఇక కార్ల వారి మీద ప్రభుత్వానికి ఎంత దయో చూడండి. 2024 అక్టోబరులో, అసెంబ్లీ ఎన్నికలకు ముందు, ముంబయి అయిదు నాకాల దగ్గర కార్లకు టోల్ ఎత్తివేశారు. ఎన్నికలు ముగిశాయి. 2025 జనవరిలో ఎస్.టి. బస్సు చార్జీలు దాదాపు 15 శాతం పెంచారు. మే నెలలో బెస్ట్ వంతు వచ్చింది. ఓటుకు ముందు కారు వానికి వరం, ఓటు అయ్యాక బస్సు వానికి భారం. పైగా బెస్ట్ చార్జీ పెరిగిన నాటికి కార్పొరేషన్‌లో ఎన్నికైన సభ్యుడు ఒక్కడూ లేడు. 2022 మార్చి నుంచి అప్పటిదాకా ప్రభుత్వం నియమించిన అధికారిదే రాజ్యం. అడిగేవాడు లేని సభలో మన జేబు కత్తిరించారు.

“బెస్ట్ నష్టాల్లో ఉంది, ఏం చేయమంటారు?” అని పెద్దలు అడుగుతారు. అయ్యా, కోస్టల్ రోడ్డు ఏడాదికి ఎంత లాభం తెచ్చింది? ఫ్లైఓవరు ఏనాడైనా లాభనష్టాల పట్టీ చూపించిందా? రోడ్డుకు పెట్టింది పెట్టుబడి, బస్సుకు పెట్టింది నష్టం – ఇదెక్కడి లెక్క? ఒక్క బస్సు యాభై అరవై మందిని మోస్తుంది. అంతమంది కార్లలో బయలుదేరితే వీధి వీధంతా నిండిపోతుంది. రోడ్డు మీద రద్దీ తగ్గించేది బస్సే గాని కారు కాదు.

2019 జనవరిలో బెస్ట్ కార్మికులు తొమ్మిది రోజులు సమ్మె చేశారు. వారి ముఖ్య కోరిక బెస్ట్ బడ్జెట్‌ను కార్పొరేషన్ బడ్జెట్‌లో కలపమని. జీతంతో పాటు సంస్థ బ్రతుకు కోసం కూడా పోరాడారు. ఆ కోరికను పాలకులు నాన్చారు. సొంత బస్సులు ఒక్కొక్కటే తుక్కు కింద పోతున్నాయి. వాటి స్థానంలో కాంట్రాక్టరు అద్దె బస్సులు, కాంట్రాక్టు డ్రైవర్లు వచ్చారు. మిల్లుల్లో బదిలీ కార్మికుణ్ణి ఎలా వాడుకున్నారో మనకు తెలియనిదా? అదే రోగం బస్సుకు పట్టించారు.

మన గిరణ్‌గావ్ సంగతి మరీ అన్యాయం. లోయర్ పరేల్ డిలైల్ రోడ్డు వంతెనను 2018 జూలైలో మూశారు. పూర్తిగా తెరవడానికి 2023 నవంబరు అయింది. దాదాపు ఆ అయిదేళ్ళలోనే కొండ కింద సొరంగాలు తవ్వి కోస్టల్ రోడ్డు సిద్ధం చేశారు! 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను మెట్ల మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఆ తరువాత సైన్యాన్ని దింపితే 2018 ఫిబ్రవరి నాటికి కొత్త నడక వంతెన లేచింది. అంటే తలచుకుంటే నెలల్లో అవుతుంది. తలచుకోవడానికి 23 ప్రాణాలు కావలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఎల్ఫిన్‌స్టన్ పాత వంతెననూ మూశారు. ఎందుకు? అటల్ సేతు నుంచి వర్లీకి కార్లు సూటిగా పోయే పైదారి కోసం. పరేల్‌లో ఆసుపత్రికి పోయే రోగి చుట్టు తిరిగి పోవాలి.

“మీరు అభివృద్ధికి అడ్డం” అని మన మీద నింద వేస్తారు. వంతెనలు వద్దని మనం అనలేదు. ఈ నగరపు రోడ్లూ భవనాలూ కట్టిన చేతుల్లో పాలమూరు, కరీంనగర్, నల్లగొండ నుంచి వచ్చిన చేతులున్నాయి. 1982 సమ్మె తరువాత మిల్లులు మూతపడ్డాయి, భూములు మాల్‌లయ్యాయి. మిల్లు కార్మికులకని ఇచ్చిన ఇళ్ళలో రెండు వేలకు పైగా పన్వేల్ దగ్గర కోన్‌లో ఉన్నాయి. ఊరి నడుమ నుంచి మనల్ని దూరం నెట్టినవారే మన బస్సు చార్జీ పెంచుతున్నారు. మన అభ్యంతరం దానికి.

మన డిమాండ్లు:

1. బెస్ట్ బడ్జెట్‌ను కార్పొరేషన్ బడ్జెట్‌లో కలపాలి.

2. 2025 మే చార్జీల పెంపు రద్దు చేయాలి.

3. అద్దె బస్సుల పద్ధతి మాని సొంత బస్సులు, పర్మనెంటు సిబ్బందిని పెట్టాలి.

4. నడిచేవారికి, బస్సుకు దారి చూపనిదే ఏ వంతెననూ మూయరాదు.

5. మిల్లు కార్మికుల ఇళ్ళున్న ప్రతి చోటి నుంచి స్టేషనుకు తగినన్ని బస్సులు నడపాలి.

బస్సు డ్రైవరు, కండక్టరు పోరాటానికి దిగిన రోజున “మా బస్సు ఆగింది” అని విసుక్కోకండి. వారి పక్కన నిలబడండి. వారు ఓడితే రేపు ఆగే బస్సు ఇక కదలదు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి