వెలిగి ఆరే ఎర్రదీపం

గత మూడు మాసాలలో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే సంగతిని గురించి ఉన్నవి. ఒకటి కోయంబత్తూరు నుండి, ఒకటి బరంపురం నుండి, మూడవది నాగపూరు నుండి. ముగ్గురికీ కార్లున్నవి. ముగ్గురి కార్లలోనూ బ్రేకు తాలూకు ఎర్రదీపం వెలుగుతున్నది, ఆరుతున్నది. వెలిగి అలాగే నిలిచిపోతే ఎవరికైనా భయం పుట్టి బండిని వర్కుషాపుకు తోలుకొని పోతారు. వెలిగి ఆరిపోయే దీపంతో చిక్కేమిటంటే, వర్కుషాపు చేరేసరికి అది చక్కగా ఆరి ఉంటుంది. మెకానిక్కు చూచి "ఏమీ లేదండీ" అంటాడు. ఇంటికి తిరిగివచ్చే దారిలో మళ్ళీ వెలుగుతుంది. వైద్యుని గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనట్లు! ముగ్గురికీ వేరువేరుగా వ్రాయడంకంటె ఇక్కడే అందరికీ పనికివచ్చేటట్లు చెప్పడం మేలని తోచింది.

ఆ దీపం గుర్తు మీకు తెలిసినదే: ఒక వలయం, దాని నడుమ ఆశ్చర్యార్థకం, ఇరువైపులా రెండు వంపు గీతలు. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి, ఇంజను అందుకొని చేతిబ్రేకు దించిన తరువాత ఆరిపోవడం దాని ధర్మం. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే అది మరొక జబ్బు. దీపమైనా పోయి ఉండాలి, ఎవరైనా తీగ తెంపి అయినా ఉండాలి. పాత బండి బేరమాడేవారు ఈ చిన్న పరీక్షను మరచిపోరాదు.

దీపం ఒక్కటే గాని దానిని వెలిగించేవి రెండు మూడున్నవి. చేతిబ్రేకు మీట మొదట్లో ఒక స్విచ్చి. ఇంజను గదిలో బ్రేకు ద్రవం నిలువ ఉండే బుడ్డిలో ఒక తేలే బిళ్ళ. కొన్ని కార్లలో ప్యాడ్లు అరిగిన సంగతి తెలిపే తీగ కూడా ఉంటుంది. ఇంటికి ఒకే గంట ఉండి పాలవాడూ, చుట్టమూ, అప్పులవాడూ అదే గంట కొట్టినట్లన్నమాట. కనుక ఎందుకు వెలిగింది అని తల పట్టుకొనే ముందు, ఎప్పుడెప్పుడు వెలుగుతున్నదో చూచుకోవాలి. తోలేవారు గాక, పక్కన కూర్చున్నవారు ఒక చీటీ మీద వ్రాయాలి: మలుపులోనా, బ్రేకు తొక్కినప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా, గుంటలో పడ్డప్పుడా, వానలోనా, తెల్లవారి చలిలోనా. వారం రోజుల చీటీ చేతికిస్తే మెకానిక్కు గంటలో తేల్చగల పని, చీటీ లేకపోతే నాలుగు రోజులకైనా తెమలదు.

కోయంబత్తూరు సోదరి ఇటువంటి చీటీ ఎవరూ చెప్పకుండానే వ్రాసి పంపారు. వారి బండిలో దీపం మలుపులలోనూ, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడూ వెలుగుతున్నది. తిన్నని దారిలో ఆరిపోతున్నది. రెండుసార్లు వర్కుషాపులో చూపించారు. రెండుసార్లూ "బ్రేకాయిలు తగ్గింది" అని పోసి పంపారట. పోసిన ప్రతిసారీ రెండు నెలలు దీపం కనబడలేదు. ఇప్పుడు మళ్ళీ మొదలు. "వచ్చే నెల కూనూరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. మా మామగారు ఈ బండి ఎక్కనంటున్నారు. అది వట్టి సెన్సరు తగాదా అని మావారి మాట. మీరేమంటారు?" అని అడిగారు.

మేము మామగారి పక్షం. కారణం చెబుతాము.

బుడ్డిలోని తేలే బిళ్ళకు ఒక చిన్న అయస్కాంతం అమర్చి ఉంటుంది. ద్రవం మట్టం దిగితే బిళ్ళా దిగి స్విచ్చిని కలుపుతుంది, దీపం వెలుగుతుంది. మట్టం సరిగా అంచున ఉన్నప్పుడు, మలుపు తిరిగితే ద్రవం ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రేకు తొక్కితే ముందుకు పోతుంది. కావడి కుండలో నీళ్ళు తొణికినట్లు తొణికి, బిళ్ళ క్షణంపాటు దిగి మళ్ళీ లేస్తుంది. కాబట్టి మలుపులో వెలిగి ఆరుతున్నదంటే, ద్రవం బుడ్డి మీది కింది గీత దాకా వచ్చిందని మొదట అనుకోవలసినదే. బండిని చదునైన చోట నిలిపి, మూత తీయకుండానే బుడ్డి పక్కనుండి చూస్తే మట్టం కనబడుతుంది.

మరి ద్రవం ఎందుకు తగ్గింది? అసలు ప్రశ్న ఇదే. కాలితో తొక్కగానే ద్రవం చక్రం దగ్గర పిస్టనును ముందుకు తోసి ప్యాడును డిస్కుకు అదుముతుంది. ప్యాడు అరిగినకొద్దీ పిస్టను కొంచెం కొంచెంగా బయటికి వచ్చి అక్కడే నిలబడుతుంది. దాని వెనుక ఏర్పడిన ఖాళీని పై బుడ్డిలోని ద్రవం దిగివచ్చి నింపుతుంది. అంటే ఎక్కడా చుక్క కారకుండానే బుడ్డి తగ్గుతుంది. ద్రవం తగ్గిందని దీపం చెప్పిన మాట, చాలాసార్లు, ప్యాడ్లు అరిగిపోవచ్చినవని చెప్పడమే. వర్కుషాపువారు ద్రవం పోసి దీపాన్ని ఆర్పారు గాని చక్రం విప్పి ప్యాడ్లు చూచినట్లు ఉత్తరంలో ఎక్కడా లేదు. కొత్త ప్యాడు మీది రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చివేయాలి. అది కూడా అరిగిపోతే ఇనుము ఇనుముతో రాసుకొంటుంది. ఇంకొక నష్టం కూడా ఉన్నది. బుడ్డి నిండా పోసి ఉంచితే, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లను వెనక్కు నెట్టగానే ద్రవం పొంగి బయట పడుతుంది. అది పడినచోట బండి రంగు ఊడిపోతుంది.

ప్యాడ్లు బాగానే ఉండి ద్రవం తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నదన్నమాట. అప్పుడు సంగతి మరింత తీవ్రం. ఇంటిదగ్గర చేసుకోదగిన పరీక్ష ఒకటున్నది. బండి చదును నేల మీద నిలిపి, ఇంజను నడుస్తుండగా, కాలిబ్రేకును ఒక నిమిషం గట్టిగా అదిమి పట్టండి. కాలి కింద రాయిలా నిలబడాలి. మెల్లమెల్లగా కిందికి జారుతుంటే ద్రవం తప్పించుకొని పోతున్నది, ఆ బండిని వీధి మలుపు దాకా కూడా తోలరాదు. మోసుకుపోయే బండిని పిలిపించవలసినదే. వెనుక చక్రాల లోపలి వైపున తడి మరక కనబడినా అంతే.

బ్రేకాయిలు అనే పేరు అందరి నోటా పడిపోయింది గాని అది ఆయిలు కాదు. నిజంగా ఆయిలే అనుకొని ఇంట్లో మిగిలిన ఇంజనాయిలు కాస్త పోసేవారున్నారు. అది బ్రేకుల లోపలి రబ్బరు భాగాలను ఉబ్బించి పాడుచేస్తుంది. తరువాత ఆ రబ్బరంతా మార్చడంతోగాని పోదు. బుడ్డి మూతమీద డాట్ 3 అనో డాట్ 4 అనో వ్రాసి ఉంటుంది. అదే వాడాలి.

ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. కూనూరు ప్రయాణానికి ఇది ముఖ్యం. తేమ తగలని డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియసు దాకా మరగరాదని నియమం. అందులో సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు 230 నుండి 155కు దిగుతుంది. మరిగితే ఏమవుతుంది? ఆవిరి బుడగలు పుడతవి. ద్రవం నలగదు గనుకనే కాలి బలం చక్రం దాకా పోతున్నది. ఆవిరి నలుగుతుంది. కాలు నేల దాకా పోతుంది, బండి మాత్రం ఆగదు.

కూనూరు నుండి మేట్టుపాళెయం దిగేటప్పుడు ఎత్తులో సుమారు 1,400 మీటర్లు దిగుతారు. మనుషులతో కలిపి 1,200 కిలోల బండి ఆ దిగుడులో వదిలే శక్తినంతా వేడిగా మార్చి ఒకచోట చేర్చగలిగితే 40 లీటర్ల పైచిలుకు చన్నీళ్ళు తెర్లుతవి. పెళ్ళివారింటి స్నానాల కాగు అనుకోండి. ఆ వేడిలో ఎంత ఇంజను మోస్తే బ్రేకులకు అంత తగ్గుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేవారు. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రలులో దిగేవారిని చూస్తే మాకు గుండె దడ. ఇంజను ఆగితే బ్రేకుకు అదనపు బలమిచ్చే బూస్టరు రెండు మూడు తొక్కుళ్ళకు మించి సాయపడదు.

ఈనాటి కార్లలో ద్రవం రెండు దారులుగా పోతుంది, ఒక దారి తెగినా రెండవది పనిచేస్తుంది కదా అని సోదరిగారి భర్త అనవచ్చు. నిజమే. చదునైన దారిలో బండిని ఓరగా తెచ్చి ఆపుకోవడానికి ఆ సగం బ్రేకు చాలు. ముసలివారినీ పిల్లలనూ ఎక్కించుకొని కనుమ దిగడానికి చాలదు. పెళ్ళికి పదిహేను రోజులు ముందే నాలుగు చక్రాలూ విప్పించండి. మీరు దగ్గర నిలబడి ప్యాడ్ల మందం కొలిపించండి. ద్రవం మార్చి రెండేళ్ళు దాటి ఉంటే పైన పోయించడం గాక మొత్తం మార్పించండి. తరువాత మామగారిని ముందు సీటులో కూర్చోబెట్టండి.

బరంపురం వారి సంగతి ఇంత బరువైనది కాదు. వారి దీపం గతుకులలోనే మినుకుమంటున్నది. ద్రవం పై గీత దగ్గరే ఉన్నది, కాలిబ్రేకు గట్టిగా ఉన్నది. ఇది చేతిబ్రేకు స్విచ్చి పని అని మా అనుమానం. మీట పూర్తిగా దిగకపోయినా, స్విచ్చి స్క్రూ వదులైనా, గతుకు తగిలినప్పుడల్లా దీపం రెప్ప వేస్తుంది. బండి నిలిపి, మీటను కిందికి నొక్కిపట్టి కొంచెం కదిపి చూడండి. దీపం మీ చేతిని బట్టి ఆడితే దొంగ దొరికినట్లే. స్విచ్చి సర్దించడం కొద్దిపాటి పని. అయితే నాలుగైదు కిలోమీటర్లు తోలిన తరువాత వెనుక చక్రం దగ్గర కాలిన వాసన వస్తే, చేతిబ్రేకు నిజంగానే పట్టి ఉన్నదని తెలుసుకొని, ముందు దానిని వదులు చేయించాలి. తీగ తెంపివేస్తే పీడ వదులుతుందని ఎవరో సలహా ఇచ్చారట. ఆ తీగతోబాటు ద్రవం సంగతి చెప్పే నోరు కూడా మూసుకుపోవచ్చు. ఆ పని చేయకండి.

నాగపూరు వారిది వానకాలపు జబ్బు. తడిసిన ఉదయాలలో పది నిమిషాలు వెలిగి, ఇంజను గది వేడెక్కగానే ఆరిపోతున్నది. బుడ్డికి తగిలించిన తీగ కొసన తేమ చేరి ఉండవచ్చు. దీపం వెలుగుతున్నప్పుడే బండి ఆపి ఆ కొసను ఊడదీసి చూడాలి. చాలా కార్లలో, తీయగానే దీపం ఆరితే తప్పు బుడ్డి వైపు, ఆరకపోతే తీగలోనో చేతిబ్రేకు దగ్గరో ఉన్నదని తేలుతుంది. ఎలుకలు కొరికిన తీగలు కూడా వానలోనే బయటపడతవి, వెదికించండి. వారు పక్కన పసుపు దీపం కూడా చూచామన్నారు. అది ఏ.బి.ఎస్. దీపం. 2019 ఏప్రిల్ నుండి మన దేశంలో అమ్మే కొత్త కార్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి గనుక, వారి బండిలోనూ ఉన్నది. ఎర్రదీ పసుపుదీ కలిసి వెలిగితే ఇంటి పరీక్షలు చాలవు. దీపం ఆరిపోయిన తరువాత కూడా ఆ పెట్టెలో లెక్క మిగిలి ఉంటుంది. స్కానరు పెట్టి చదివించాలి. అంతదాకా మెల్లగా, బండ్ల మధ్య దూరం ఉంచి తోలుకోవాలి.

కోయంబత్తూరు సోదరి ఉత్తరం చివర మరొక ప్రశ్న ఉన్నది: పోయగా మిగిలిన అర డబ్బా బ్రేకు ద్రవం అలమరలో ఉన్నది, దాచుకోవచ్చునా అని. మూత తీసి ఎన్నాళ్ళయిందో వ్రాయలేదు. నెలలు గడిచి ఉంటే తేమ పట్టి ఉంటుంది, బండిలో పోయవద్దు. పిల్లలకు అందనీయక వర్కుషాపులో అప్పగించి, అవసరమైనప్పుడు కొత్త డబ్బా కొనండి.