కంచములో అన్నముండియు తినలేని వ్యాధి

అన్నము లేక అలమటించువారు ఇంకను మిగిలియున్న దేశమున, కంచములో అన్నముండియు తినని వారి వ్యాధిని గూర్చి పరిశోధన యేల యని అడుగువారు కలరు. ప్రశ్న అన్యాయమైనది కాదు. ఆసుపత్రులకు ధనము చాలనిచోట ఏ వ్యాధికి ముందు ఖర్చు చేయవలెనన్నది ఆలోచింపవలసిన విషయమే. కాని ఆ ప్రశ్నలో ఒక పొరపాటు దాగియున్నది. తినకపోవుట రోగి ఇష్టమనియు, ఇష్టము మార్చుకొన్నచో జబ్బు పోవుననియు అది ముందుగానే నిశ్చయించుకొన్నది. వైద్యులు అనొరెక్సియా నర్వోసా యని పిలుచు ఈ వ్యాధి మానసిక వ్యాధులన్నిటిలో మిక్కిలి ప్రాణాపాయకరమైన వానిలో నొకటి. పెక్కు అధ్యయనములను కలిపి 2011లో లెక్కించినప్పుడు, ఏడాదికి ప్రతి 1000 మంది రోగులలో సుమారు 5 గురు మరణించుచున్నట్లును, ఆ మరణములలో అయిదింట నొకటి ఆత్మహత్య యైనట్లును తేలినది. వ్యాధి సాధారణముగా మొదలగునది యౌవనారంభమున. ఆడపిల్లలలో ఎక్కువ, మగపిల్లలకు రాదనుకొనుట మాత్రము పొరపాటు.

అనొరెక్సియా యనగా ఆకలి లేకపోవుట. పేరు సరిగా కుదరలేదనియే చెప్పవలెను. రోగులలో పెక్కుమందికి ఆకలి వేయును. దానిని అణచుకొనుటలోనే వారి దినమంతయు గడచిపోవును. ఇంటివారికి వంట చేసి కొసరి కొసరి వడ్డించి, తాము మాత్రము మెతుకు ముట్టనివారు కలరు. ఇది వింతగా తోచువారు అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ 1944-45లో జరిపిన పరీక్షను తెలిసికొనవలెను. ఆరోగ్యవంతులగు 36 మంది యువకులు తమంతట తాము ముందుకు వచ్చి, 24 వారములు అర్ధాకలితో గడపి, తమ బరువులో సుమారు నాలుగవ వంతు కోల్పోయిరి. వారికి మొదట ఏ మనోవ్యాధియు లేదు. కాని వారములు గడచినకొలది వారికి అన్నము తప్ప వేరు ధ్యాస లేకపోయెను. కొందరు వంట పుస్తకములు పోగుచేసికొనిరి, కొందరు పళ్లెములు నాకిరి. చిరాకు, దిగులు, ఒంటరితనము వారిని పట్టుకొనెను. ఆకలియే మనస్సును మార్చగలదని దీనివలన స్పష్టమైనది. కనుక "ముందు మనస్సు బాగుపడనీ, తరువాత తిండి చూతము" అని కాలయాపన చేయుట చికిత్స కానేరదు.

ఈ వ్యాధి నవనాగరికత తెచ్చిపెట్టినది కాదు. ఇంగ్లండులో రిచర్డ్ మార్టన్ 1689లో క్షయను గూర్చి వ్రాసిన గ్రంథములో, ఊపిరితిత్తులలో ఏ దోషమును లేక కృశించిపోయిన ఇద్దరు పిన్న వయస్కులను వర్ణించెను. మన ఊళ్లలో నేటికిని పిల్ల చిక్కిపోయినచో ముందు క్షయ యేమోనని అనుమానింతురు. అది తప్పు కాదు, ఆ పరీక్ష జరుగవలసినదే. చిక్కు వచ్చునది క్షయ లేదని తేలిన తరువాత. అప్పుడు దిష్టి తీయుటయో, మొండితనమని మందలించుటయో తప్ప ఇంటివారికి తోచదు. 1873లో లండనులో విలియం గల్, పారిసులో షార్ల్ లాసేగ్ ఇంచుమించు ఒకే కాలమున ఈ వ్యాధిని ప్రత్యేకముగా గుర్తించిరి. కుటుంబమువారికి తెలిసిన ఉపాయములు బతిమాలుట, బెదిరించుట యను రెండేయని లాసేగ్ ఆనాడే గ్రహించెను. ఏ తల్లినైనను అడిగిచూడుడు, ఆ మాట అక్షరాల నిజమనును. గల్ అంతటితో ఆగక, రోగికి సేవ చేయుటకు బంధువులు ఏమాత్రము తగరని అభిప్రాయపడెను. ఆ ఒక్క అభిప్రాయము నూరేండ్లకు పైగా వైద్యశాలలను శాసించినది. పిల్లను తల్లిదండ్రులనుండి విడదీసి యుంచుటయే చికిత్సలో మొదటి మెట్టయినది. తరువాతి కాలమున కొందరు ఇంకను ముందుకు పోయి, వ్యాధికి కారణమే కుటుంబమనిరి.

దీనిని ఎవరైనను పరీక్షించి చూచిరా? చాలకాలము లేదు. పెద్ద వైద్యుడు చెప్పినదే ప్రమాణమైనది. ఈ వ్యాధి చరిత్రలో శోచనీయమైన భాగము ఇదియే.

1987లో లండనులోని మాడ్స్లీ ఆసుపత్రిలో జెరాల్డ్ రసెల్, ఆయన సహచరులు ఒక పరీక్షా ఫలితమును ప్రకటించిరి. ఆసుపత్రిలో బరువు పుంజుకొని ఇంటికి పోవుచున్న 80 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి ఒంటరిగాను, రెండవ భాగమువారికి కుటుంబముతో కలిపియు ఏడాదిపాటు చికిత్స జరిపిరి. ఏ రోగి ఏ వైపునకు పోవలెనో వైద్యుడు నిర్ణయించినచో తేలికపాటి రోగులు ఒకవైపునకే చేరవచ్చును. చీటికి అట్టి పక్షపాతము లేదు. చిన్న వయస్సున వ్యాధి సోకి, మూడేండ్లు నిండని 21 మందిలో కుటుంబ చికిత్స స్పష్టముగా మేలుచేసినది. అయిదేండ్ల తరువాత చూచినప్పుడును ఆ తేడా నిలిచియుండెను. అనగా, పనికిరారని నూరేండ్లు గుమ్మము బయట నిలిపిన తల్లిదండ్రులే ఆ వయస్సు పిల్లలకు తగిన సహాయకులని తేలినది. వ్యాధికి కుటుంబమే మూలకారణమను వాదమును ఈ రంగములోని నిపుణుల అంతర్జాతీయ సంఘము 2010లో త్రోసిపుచ్చినది. అంతవరకు నిందలు మోసిన తల్లులకు క్షమాపణ చెప్పినవారు మాత్రము అరుదు.

అట్లని కుటుంబ చికిత్స సర్వరోగ నివారిణి కాదు. అమెరికాలో 121 మంది పిల్లలపై జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకొన్నవారు కుటుంబ పద్ధతిలో నూటికి 49, ఒంటరి పద్ధతిలో 23. మేలైన పద్ధతిలోనే సగముమంది పూర్తిగా కోలుకొనలేదన్నమాట.

ఔషధముల కథ ఇంకను చిన్నది. 1960లో లండనులో డాలీ, సార్జెంట్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజిన్, ఇన్సులిన్ కలిపి యిచ్చి బరువు త్వరగా పెంచిరి. కొన్నియేండ్ల తరువాత చూడగా ఆ మేలు నిలువలేదు. ఫ్లూయాక్సెటిన్ అను మందును 93 మందిపై ఉత్తబిళ్లతో పోల్చి చూచిన ఫలితము 2006లో వెలువడినది: తేడా లేదు. ఒలాంజపిన్ బరువును కొంచెము పెంచినదిగాని మనోవ్యధను తగ్గింపలేదని 152 మందిపై జరిపిన పరీక్ష 2019లో తెలిపినది. ఇవి వ్యర్థ ప్రయత్నములని నవ్వుట సరికాదు. పని చేయని మందు పని చేయదని తెలియుటవలన ఎందరో రోగులు నిష్ఫలమైన బిళ్లలనుండి తప్పించుకొందురు.

వింతగొలుపు ఫలితమొకటి న్యూజిలాండునుండి 2005లో వచ్చినది. క్రైస్ట్‌చర్చ్‌లో 56 మంది స్త్రీలకు మూడు విధముల చికిత్స జరిపిరి. రెండు ప్రత్యేక మనోచికిత్సలు. మూడవది పోలికకొరకు పెట్టిన సాధారణ వైద్య సహాయము, అనగా ఓపికతో వినుట, ఆహారమును గూర్చి సలహా చెప్పుట, ధైర్యమిచ్చుట. చికిత్స ముగియునప్పటికి ఈ మూడవదే మెరుగుగా నున్నది! కాలక్రమమున ఆ తేడాయును కరగిపోయినది. నిపుణులు తక్కువగా నున్న దేశమునకు ఇది పట్టించుకొనదగిన వార్త. ఈ పరీక్షలలో రోగులు నడుమనే మానివేయుట మరియొక చిక్కు. 2005లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో 122 మందిలో నూటికి 46 మంది తుదివరకు నిలువలేదు. జబ్బే "నాకు చికిత్స వలదు" అని పలికించునప్పుడు రోగిని నిందించి లాభమేమి?

మన ప్రాంతపు సంగతి వేరుగా చూడవలెను. హాంకాంగులో 70 మంది రోగులను పరిశీలించి 1993లో సింగ్ లీ, సహచరులు తెలిపినదేమన, సగముకంటె ఎక్కువమందికి లావగుదుమను భయమే లేదు. కడుపు ఉబ్బరము, ఆకలి లేదు, తినలేము అనుటయే వారి మాట. ఢిల్లీలో 1995లో ప్రచురితమైన అయిదుగురు యువతుల వృత్తాంతములోను ఇంచుమించు ఇదే కనబడినది. లావగుదుమను భయము తప్పనిసరి లక్షణమని అప్పటి అమెరికా నిర్వచనము. 2013లో దానిని సడలించిరి. పాశ్చాత్య గ్రంథమును మాత్రమే పట్టుకొన్న వైద్యుడు మన పిల్లలను ఎందరినో "ఇది ఆ జబ్బు కాదు" అని త్రిప్పిపంపియుండవచ్చును. 2019లో ప్రకటించిన వంశపారంపర్య పరిశోధనలో 16,992 మంది రోగుల జన్యు లక్షణములను పరిశీలించి, ఈ వ్యాధికి మనస్సుతోబాటు శరీరపు జీవక్రియ వ్యవహారముతోను సంబంధమున్నట్లు గుర్తించిరి. ఆ వేలమందియు ఐరోపా సంతతివారే.

కావున ఇక్కడి పరీక్షలు ఇక్కడనే జరుగవలెను. లండను పద్ధతిలో తల్లిదండ్రులు పిల్లతో కలిసి బల్లవద్ద కూర్చుండి తినిపింతురు. మన యిండ్లలో పెక్కింట అందరికి వడ్డించి స్త్రీలు కడపట తిందురు. కోడలు తిన్నదో లేదో చూచువారే యుండరు. ఒక్కపొద్దులు, వ్రతములు, "లంఖణం పరమౌషధం" అను సామెత, వీని చాటున నెలల తరబడి ఉపవాసము సాగినను ఎవరికిని అనుమానము తగులదు. పెండ్లియైన పిల్లకు కంచమువద్ద కూర్చుండవలసినది అత్తయా, తల్లియా, భర్తయా? అమ్మమ్మ, మేనత్త ఉన్న ఉమ్మడి కుటుంబము మేలుచేయునా, తలయొక మాటతో చెరుపునా? లండనునుండి దీనికి జవాబు రాదు. ఇట్టి పరీక్షకు కావలసిన పరికరములు ఖరీదైనవియు కావు: తూనిక యంత్రము, క్రమము తప్పని లెక్క, శిక్షణ పొందిన మాటకారి, ఏండ్ల తరబడి రోగిని విడువక కనిపెట్టియుండు పట్టుదల.

ఇంతలో కుటుంబములు గమనింపవలసినవి కొన్ని కలవు. బట్టలు వదులగుట, ఋతుక్రమము ఆగుట, కండ్లు తిరుగుట, చలికి తాళలేకపోవుట, అందరితో కలిసి తినకుండ తప్పించుకొనుట కనబడినచో ఆలస్యము చేయక వైద్యునివద్ద బరువు, నాడి, రక్తము చూపించవలెను. మిక్కిలి చిక్కినవారికి ఇంటివద్ద ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టుట అపాయము. రక్తములోని ఫాస్ఫేటు పడిపోయి గుండెకు ముప్పు రావచ్చును. అట్టివారికి ఆసుపత్రిలో, వైద్యుని కనుసన్నలలో ఆహారము పెంచవలెను. మానసిక వైద్యుడు దగ్గరలో లేనివారు, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును.