పరిచారికకు వెలుతురు

ప్రతి సంవత్సరమును మే 12వ తేదీన మన ఆసుపత్రులలో నర్సులు దీపములు వెలిగించి సేవాప్రతిజ్ఞ చేయుచుందురు. 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి సైనికవైద్యశాలకు పోయి, రాత్రులయందు దీపము చేతబూని రోగుల మంచముల నడుమ సంచరించిన ఫ్లారెన్సు నైటింగేలు జన్మదినమది. ఉత్సవము ముగిసిన రాత్రియే ఆ నర్సు వార్డునకు పోయి, గుడ్డివెలుతురున రోగిచేతి నరమును వెదకుచు నడుము వంచి నిలుచుచున్నది. ఆమె చేతికి దీపమిచ్చి గౌరవించిన మనము, ఆమె పనిచేయు చోట దీపమున్నదో లేదో విచారించుటలేదు.

వెలుతురు చాలనిచో కష్టము కన్నులకు మాత్రమేయని పలువురు తలచుచున్నారు. ఇది పొరపాటు. కంటికి కానరానిదానిని దేహము వంగి దగ్గరకు పోయి చూచును. మనుష్యుని తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా నిలిచినపుడు దానిని వెన్నెముక మోయును. ముందునకు వంగినకొలది మెడవెనుకటి కండరములు దానిని పట్టి నిలుపవలసివచ్చును. కదలక వంగియుండిన కండరమునకు రక్తప్రసారము తగ్గి అలసట త్వరగా కలుగును. దీపము వీపువెనుకటి గోడకున్నచో ఆమె నీడయే రోగిపై పడును. ఆ నీడను తప్పించుకొనుటకామె ప్రక్కకు మెలితిరుగును. వంపునకు మెలిక తోడై, అందుపై రోగిని ఎత్తి పొరలింపవలసివచ్చినపుడు నడుమునకు కలుగు హాని సామాన్యమైనది కాదు. నలుబది యేండ్లు దాటిన పరిచారికకు దగ్గరిచూపు తగ్గుచుండును గావున ఆమెకు మరింత వెలుతురు కావలయును.

దీపములు హెచ్చించిన రోగులకు నిద్రాభంగమగునని కొందరనవచ్చును. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయితే ఐరోపీయ దీపప్రమాణములే దీనికి సమాధానము చెప్పుచున్నవి. వార్డునకు సామాన్యముగా 100 లక్సులు, చిన్నపరీక్షలకు 300, చికిత్సకు 1000 లక్సులు కావలయునని నిర్ణయించి, రాత్రి నిద్రవేళకు 5 లక్సులు చాలునని అవియే చెప్పుచున్నవి. కావలసినది వార్డంతయు వెలిగించుట కాదు. పని జరుగు మంచమును వెలిగించుట. చిన్నదీపమైనను దగ్గరకు జరిపి, దూరమును సగము చేసినచో వెలుతురు నాలుగింతలగును. ప్రతి మంచమువద్దను ఇటునటు త్రిప్పదగిన దీపమును, చేతికందు స్విచ్చియు ఉన్నచో రోగి నిద్రయు చెడదు, పరిచారిక నడుమును చెడదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 17వ సెక్షనున, కార్మికులు పనిచేయు చోటనెల్ల చాలినంత వెలుతురుండవలెననియు, కన్నులకు శ్రమ కలిగించు నీడలను నివారింపవలెననియు విధించెను. మిల్లుకార్మికునకు నాడే అంగీకరించిన న్యాయమును రోగిని కాచు స్త్రీకి నిరాకరించుట యెట్లు? వార్డు ఫ్యాక్టరీ కాదనుట నిజమే. నడుము మాత్రము ఇరువురకు నొక్కటియే.

ఇందు దోషము ఆసుపత్రులది మాత్రమే కాదు. మన యిండ్లలో పక్షవాతమున పడిన వృద్ధులకు తరచుగా వెనుకగదియే గతియగుచున్నది. చావడిలో దీపములు దేదీప్యమానముగా వెలుగుచుండ, వెనుకగదిలో కోడలో, కూలికి వచ్చిన ఆయాయో మసకవెలుతురున పుండ్లు కడిగి పక్కగుడ్డలు మార్చుచున్నది. ఆమె నడుము నొప్పియన్న, వయసనియో బలహీనతయనియో సరిపుచ్చుచున్నాము. 2015లో ఆరంభమైన ఉజాలా పథకముక్రింద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచబడినవి. దీపము ప్రియమన్న మాట ఇక చెల్లదు. కొరవడినది ధనము కాదు, దృష్టి.

కావున గృహస్థులు నేటి రాత్రియే ఆ గదిలోనికి పోయి, రోగిమంచముచెంత తాము వంగి చూతురుగాక. మంచమును గోడనుండి జరిపి ఇరుప్రక్కల చోటు కల్పించుట, గోడకు సున్నము వేయించుట, కిటికీ అద్దములు తుడిపించుట, తలవైపున దీపమొకటి అమర్చుట ఒక్కపూట పని. ఆసుపత్రులకు ఫంకాలను బల్లలను దానమిచ్చి పేర్లు వ్రాయించుకొను దాతలు మంచపుదీపములను గూడ దానమిత్తురుగాక. పురపాలకులును ధర్మాసుపత్రుల ధర్మకర్తలును పగటిపూట తనిఖీలతో తృప్తిపడక, అర్ధరాత్రివేళ ఒకమారు వార్డులను దర్శింతురని ఆశించుచున్నాము. మే 12వ తేదీని వెలిగించు దీపము ఆ రాత్రియంతయు ఆరకుండుటయే నర్సులకు మనము చేయదగిన నిజమైన సత్కారము.